125 శాతం ఇస్తారట... చేతికి మాత్రం సున్నా!

అమెరికా అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేవి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, డాలర్లు, మంచు కురిసే వాకిట్లో పెద్ద కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటోలు. అక్కడా గడవని ఇళ్లుంటాయనీ, పిల్లాడి బూట్లు కొనడానికి ఈసారి జీతం రానీ అంటూ వాయిదా వేసే తల్లులుంటారనీ మనం అంతగా తలుచుకోం. ముసలివాళ్ల ఆశ్రమాల్లో వాళ్లకు స్నానాలు చేయించేవాళ్లు, దుకాణాల్లో బిల్లు కొట్టేవాళ్లు, హోటల్ గదుల్లో పక్కలు మార్చేవాళ్లు, స్కూలు వంటశాలల్లో గిన్నెలు తోమేవాళ్లు, పరాయి పిల్లల్ని సాకేవాళ్లు... ఈ పనులన్నిట్లో ఎక్కువ చోట్ల కనబడేది ఆడవాళ్లే. వాళ్లలో అన్ని దేశాలవాళ్లూ ఉన్నారు. మనవాళ్లూ ఉన్నారు.

ఇలాంటి ఇళ్లలో ఏడాదికి ఒక్కసారి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాస్త ఊపిరి పీల్చుకునే రోజొకటి వస్తుంది. పన్ను రిటర్ను దాఖలు చేశాక ప్రభుత్వం నుంచి డబ్బు వచ్చే రోజది. ‘పన్ను కట్టడం విన్నాం గానీ, పన్నాఫీసు ఎదురు డబ్బివ్వడమేమిటి?’ అంటారా? నేనూ మొదట అదే అడిగాను. మా పెద్దాడపడుచు కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. తక్కువ రాబడి వాళ్లకు ఉచితంగా రిటర్నులు రాసిపెట్టే ‘వీటా’ కేంద్రాలని అక్కడ ఉంటాయి. ఆ అమ్మాయి శని, ఆదివారాల్లో అలాంటి ఒక కేంద్రంలో సాయం చేస్తుంటుంది. ‘అత్తయ్యా, ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. పాలవాడి లెక్క, చాకలి పద్దు రాసుకునేవాళ్లకు అరగంటలో వచ్చేస్తుంది’ అంది. నిజమే. తీరా కూర్చుని చూస్తే లెక్క తేలికే. ఆ లెక్క వెనకాల ఎవరిని మనిషిగా చూశారు, ఎవరిని వదిలేశారు అన్నదే తేల్చుకోవలసిన సంగతి.

ఈ జమ ఎక్కడిది?

దీని పేరు ‘ఎర్న్‌డ్ ఇన్‌కమ్ టాక్స్ క్రెడిట్’. సంపాదించిన రాబడి మీద ఇచ్చే పన్ను జమ అన్నమాట. 1975లో ఫోర్డ్ అధ్యక్షుడిగా ఉండగా మొదలైంది. లూసియానా సెనేటర్ రసెల్ లాంగ్ దీనికోసం పట్టుబట్టినవాడు. అప్పట్లో లెక్క చాలా చిన్నది. పిల్లలున్న కుటుంబం సంపాదించిన మొదటి 4,000 డాలర్ల మీద 10 శాతం, అంటే ఏడాదికి 400 డాలర్లు మించకుండా ఇచ్చేవాళ్లు. 1978లో శాశ్వతం చేశారు. 1986, 1990, 1993 సంవత్సరాల్లో పెంచుకుంటూ వచ్చారు. పిల్లలు లేని కార్మికులకు కూడా కొంచెం ఇవ్వాలన్నది 1993 నాటి మార్పు.

ఎందుకిచ్చారంటే రెండు కారణాలు. అక్కడ ఎంత తక్కువ జీతగాడైనా మొదటి డాలరు నుంచే వృద్ధాప్య పింఛను, వైద్యం పేరుతో 7.65 శాతం జీతంలోంచి కోత పడుతుంది. ఆదాయపు పన్ను సున్నా అయినా ఈ కోత తప్పదు. అందుకని దాన్ని మరో చేత్తో తిరిగి ఇద్దామన్నది ఒక కారణం. ఊరికే కూర్చున్నవాళ్లకు కాకుండా పని చేసేవాళ్లకే సాయం అందాలన్న రాజకీయం రెండోది. ఈ రెండో కారణాన్ని కొంచెం గుర్తుపెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

గుట్ట ఎక్కి దిగినట్టు

కేంద్ర ప్రభుత్వం ఇచ్చే జమ గుట్ట ఆకారంలో ఉంటుంది. మొదట ఎక్కుడు, తర్వాత కొంత చదును, ఆపైన దిగుడు.

2024 సంవత్సరానికి ఇద్దరు పిల్లలున్న ఒంటరి తల్లి లెక్క చూద్దాం. ఆమె సంపాదించే ప్రతి డాలరుకూ 40 సెంట్ల చొప్పున జమ పెరుగుతూ పోతుంది. 10,000 సంపాదిస్తే 4,000 వస్తుంది. సంపాదన 17,400కు చేరేసరికి జమ 6,960 డాలర్లవుతుంది. అదే గరిష్ఠం. అక్కణ్ణుంచి 22,720 దాకా చదును నేల. ఎంత సంపాదించినా అదే 6,960. ఆ గీత దాటాక దిగుడు మొదలు. ప్రతి డాలరుకూ 21 సెంట్ల పైచిలుకు, కచ్చితంగా చెప్పాలంటే 21.06 సెంట్లు తగ్గుతూ, 55,768 దగ్గర జమ పూర్తిగా అయిపోతుంది. భార్యాభర్తలు కలిసి దాఖలు చేస్తే దిగుడు కొంచెం ఆలస్యంగా, 29,640 దగ్గర మొదలవుతుంది.

పిల్లల సంఖ్యను బట్టి గుట్ట ఎత్తు మారుతుంది. అదే 2024లో ఒక బిడ్డ ఉంటే గరిష్ఠం 4,213, ముగ్గురు అంతకన్నా ఎక్కువ ఉంటే 7,830. పిల్లలు లేకపోతే 632 డాలర్లే. పిల్లలు లేనివాళ్లకు ఎక్కుడు రేటు 7.65 శాతం. అంటే జీతంలో కోసుకున్నదే తిరిగి చేతిలో పెట్టినట్టు! అది కూడా 25 ఏళ్లు నిండి 65 నిండనివాళ్లకే.

ఇంకొక ముఖ్యమైన గుణం ఉంది. ఈ జమ పన్నును మించిపోతే మిగిలినదాన్ని చెక్కుగా ఇచ్చేస్తారు. అంటే కట్టవలసిన పన్ను 200, జమ 6,960 అనుకోండి. 200 పోను 6,760 ఆమె ఖాతాలో పడుతుంది. ఈ గుణం ఉన్న జమ వేరు, లేని జమ వేరు. ఈ తేడా తెలియకపోతే రాష్ట్రాల లెక్కలు ఒక్కటీ అర్థం కావు.

రాష్ట్రాలు వేసే రెండో లెక్క

అమెరికాలో చాలా రాష్ట్రాలకు తమ సొంత ఆదాయపు పన్ను ఉంటుంది. కేంద్రం ఇచ్చే జమకు తోడుగా తామూ కొంత ఇవ్వాలని 1980లలో కొన్ని రాష్ట్రాలు మొదలుపెట్టాయి. ఇప్పుడు 30కి పైగా రాష్ట్రాలు, వాటితోపాటు రాజధాని వాషింగ్టన్ నగరం ఈ దారిలో ఉన్నాయి.

వీటిలో ఎక్కువ రాష్ట్రాలది తేలిక లెక్క. ‘కేంద్రం నీకు ఎంత ఇచ్చిందో చెప్పు, అందులో ఇంత శాతం నేనిస్తాను’ అంటాయి. ఆడపడుచు కట్నం పెళ్లికట్నంలో ఇంత వంతు అన్నట్టు! కొత్త కాగితాలు, కొత్త విచారణలు అక్కర్లేదు. రిటర్నులో ఒక గీత, ఒక గుణకారం, అంతే.

ఇందాకటి తల్లినే తీసుకుందాం. ఇద్దరు పిల్లలు, 2024లో 20,000 డాలర్ల సంపాదన. కేంద్రం జమ 6,960. ఆమె న్యూజెర్సీలో ఉంటే అక్కడి రేటు 40 శాతం కాబట్టి రాష్ట్రం మరో 2,784 ఇస్తుంది. ఇల్లినాయ్‌లో 20 శాతం, 1,392. కాన్సాస్‌లో 17 శాతం, 1,183. విస్కాన్సిన్‌లో పిల్లల సంఖ్యను బట్టి శాతం మారుతుంది. ఒక బిడ్డకు 4, ఇద్దరికి 11, ముగ్గురికి 34 శాతం. కాబట్టి ఆమెకు 766. లూసియానాలో 5 శాతం, 348 డాలర్లు.

అదే మనిషి. అవే చేతులు, అదే చాకిరీ, అదే ఇద్దరు పిల్లలు. రాష్ట్రం హద్దు దాటితే లెక్క మారిపోతుంది. టెక్సాస్‌లో, ఫ్లోరిడాలో ఆదాయపు పన్నూ లేదు, ఈ జమా లేదు. అక్కడ ఆమెకు రాష్ట్రం నుంచి వచ్చేది సున్నా. నార్త్ కరోలినాలో ఒకప్పుడు ఉండేది, 2013తో ఎత్తేశారు. ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోవడమూ ఉంటుందన్నమాట.

125 శాతం కథ

ఇక అన్నిటికన్నా పెద్ద శాతం చూద్దాం. సౌత్ కరోలినా. 2018లో మొదలుపెట్టి ఏటా మెట్టు మెట్టుగా పెంచుతూ 2023 నాటికి 125 శాతానికి చేర్చారు. కేంద్రం ఇచ్చేదానికన్నా రాష్ట్రమే ఎక్కువ ఇస్తుందా! మన తల్లికి లెక్క కడితే 6,960 మీద 125 శాతం, అంటే 8,700 డాలర్లు!

కాగితం మీద అంతే. చేతికొచ్చేది మాత్రం సున్నా.

ఎందుకంటారా? సౌత్ కరోలినా ఇచ్చే జమ పన్నును తగ్గించడానికే పనికొస్తుంది. పన్నును మించిన సొమ్మును తిరిగి ఇవ్వరు. 2024లో పిల్లలతో ఉన్న ఒంటరి తల్లికి మొదటి 21,900 డాలర్లు పన్ను లెక్కలోకే రావు. ఆ రాష్ట్రం లెక్క కూడా ఆ కేంద్ర లెక్క మీదే నడిచింది. 20,000 సంపాదించే ఆమెకు అసలు రాష్ట్రపు పన్నే లేదు. లేని పన్నులోంచి ఏం తగ్గిస్తారు? 125 శాతమైనా, 500 శాతమైనా ఆమెకు ఒకటే. పుట్టని బిడ్డకు బంగారు మొలతాడు చేయించినట్టు!

ఒహాయోలో 30 శాతం అంటారు. అదీ ఇలాంటిదే, తిరిగి ఇవ్వనిది. ఈ జమలు బొత్తిగా పనికిరావని కాదు. కొంచెం ఎక్కువ సంపాదించి, రాష్ట్రానికి పన్ను బాకీ పడేవాళ్లకు ఆ బాకీ తుడిచిపెట్టుకుపోతుంది. కానీ అందరికన్నా కింద ఉన్న ఆవిడకు అందదు. లూసియానా విదిల్చే 5 శాతం 348 డాలర్లయినా చేతికొస్తాయి. సౌత్ కరోలినా 125 శాతంలో ఒక్క సెంటు రాదు. పేపర్లో హెడ్డింగు మాత్రం 125కే పడుతుంది.

ఇది మనకు కొత్తేమీ కాదు. మన ఆదాయపు పన్నులో 87ఏ సెక్షన్ కింద రిబేటు ఇచ్చేవాళ్లు కదా! 2025-26 సంవత్సరానికి కొత్త పద్ధతిలో 12 లక్షల రాబడి దాకా పన్ను పడకుండా 60,000 రూపాయల వరకు రిబేటు ఇచ్చారు. జీతగాళ్ల ఇళ్లలో సంతోషించాం. కానీ రోజుకూలీకి, బీడీలు చుట్టే ఆవిడకు, మన ఇంట్లో అంట్లు తోమే మనిషికి ఆ రిబేటు వల్ల ఒరిగిందేమిటి? ఆమెకు పన్నే లేదు. పన్ను లేనివాళ్లకు పన్ను రాయితీ, దాహమైనవాళ్లకు గొడుగిచ్చినట్టు.

సొంత లెక్క వేసుకునే రాష్ట్రాలు

కొన్ని రాష్ట్రాలు కేంద్రం మీద శాతం కట్టకుండా వేరే లెక్కలు వేసుకున్నాయి. కాలిఫోర్నియా 2015 నుంచి తన సొంత గుట్టే కట్టుకుంది. దాని శిఖరం చాలా తక్కువ సంపాదన దగ్గరే వచ్చేస్తుంది. 2023లో 30,950 డాలర్లు దాటనివాళ్లకు మాత్రమే. పిల్లలు లేకపోతే గరిష్ఠం 285, ఒక బిడ్డకు 1,900, ఇద్దరికి 3,137, ముగ్గురికి 3,529. ఇంట్లో ఆరేళ్లలోపు పసివాళ్లుంటే మరో 1,117 దాకా అదనం. పూర్తి రోజు పని దొరకని మనిషికి, వారానికి నాలుగు గంటలో పది గంటలో పని చేసుకునే తల్లికి ఇది దగ్గరగా ఉంటుంది. ఏడాదంతా పూర్తి రోజు పని చేసే మనిషికి వచ్చేసరికి చిక్కిపోతుంది.

వాషింగ్టన్ రాష్ట్రానిది ఇంకో దారి. అక్కడ జీతం మీద పన్నే లేదు. అయినా సరే, అమ్మకం పన్ను పేదవాళ్లే ఎక్కువ మోస్తున్నారని ఒప్పుకుని, 2008లోనే చట్టం చేశారు. నిధులు లేక అది ఏళ్ల తరబడి బీరువాలోనే ఉండిపోయింది. 2021లో కదిలించి, 2023లో డబ్బివ్వడం మొదలుపెట్టారు. మొదటి ఏడాది పిల్లలు లేనివాళ్లకు 300 దాకా, ముగ్గురు పిల్లలుంటే 1,200 దాకా ఇచ్చారు. ఆదాయపు పన్ను లేకపోయినా జమ ఇవ్వొచ్చని చేసి చూపించారు. టెక్సాస్ వాళ్లకు కుదరదని ఎలా అంటాం?

మిన్నెసోటా 2023లో లెక్కంతా తిరగేసింది. సంపాదన మీద మొదటి 8,750 డాలర్లకు 4 శాతం, అంటే 350 డాలర్లు మాత్రమే ఇచ్చి, ఒక్కో బిడ్డకు 1,750 డాలర్ల చొప్పున పిల్లల జమ వేరుగా పెట్టింది. తల్లి పని చేసిందా లేదా అన్నదానికన్నా ఇంట్లో బిడ్డ ఉందా లేదా అన్నదానికి ఎక్కువ బరువిచ్చిందన్నమాట.

ఆవిడ జీతం మీదే కత్తెర

ఇప్పుడు అసలు మనకు తగిలే సంగతికొద్దాం. గుట్ట దిగుడు అన్నాను చూశారూ, అది ఎవరి మెడకు చుట్టుకుంటుంది?

న్యూజెర్సీలోనే ఒక జంట అనుకుందాం. ఇద్దరు పిల్లలు. 2024లో భర్త జీతం 30,000 డాలర్లు. భార్య ఇంట్లో ఉంది. వాళ్లకు కేంద్రం జమ 6,884. న్యూజెర్సీ 40 శాతం, 2,754. చిన్నది కూడా బడికెళ్లడం మొదలుపెట్టాక, ఆవిడ ఒక దుకాణంలో పనికి చేరి 15,000 తెచ్చిందనుకోండి. ఇద్దరిదీ కలిపి 45,000. ఇప్పుడు కేంద్రం జమ 3,725కు పడిపోతుంది. దాంతోపాటు న్యూజెర్సీది 1,490కి దిగుతుంది. రెండూ కలిపి పోయింది 4,423 డాలర్లు. జీతంలో 7.65 శాతం కోత మరో 1,148. ఇంకా మిగతా పన్నులూ, పిల్లల జమలూ ఉంటాయి గానీ, ఈ రెండు లెక్కల వరకే చూసినా ఆవిడ 15,000లో మిగిలేది 9,429. అందులోంచి బస్సు ఖర్చు, బడి అయ్యాక పిల్లల్ని చూసేవాళ్లకిచ్చే డబ్బు తీసేస్తే... ‘ఈ మాత్రం దానికి వెళ్లడం ఎందుకే?’ అన్న మాట ఏ దేశంలోనైనా ఎంత సులువుగా వస్తుందో మీకు నేను చెప్పాలా?

ఒక సూక్ష్మం గమనించండి. భార్య జీతం రెండోదని చట్టంలో ఎక్కడా రాసి లేదు. ఇద్దరి జీతాలూ కలిపి ఒకే కుప్ప పోశారు, అంతే. ఆ కుప్పలో కింద ఎవరి జీతం, పైన ఎవరి జీతం అన్నది ఇంట్లో మనం వేసుకునే లెక్క. ఆయన జీతం ఇల్లు నడిపేది, ఆవిడ జీతం పైఖర్చులకు వచ్చేది. కాబట్టి కోత ఎప్పుడూ ఆవిడ ఖాతాలోనే పడుతుంది. రాష్ట్రం ఎంత ఎక్కువ శాతం ఇస్తే, దిగేటప్పుడు కోత కూడా అంత ఎక్కువ. అయినా ఒక మాట చెప్పుకోవాలి. కోత పోగా మిగిలిన 1,490 కూడా జమ లేని రాష్ట్రంలో వచ్చేది కాదు. లోపం ఉందని జమే వద్దనడం తెలివితక్కువ. లోపం ఎక్కడుందో చూపించి సరిచేయమని అడగాలి.

పెళ్లి సంగతీ అంతే. 20,000 సంపాదించే ఇద్దరు పిల్లల తల్లి ఒంటరిగా ఉంటే 6,960 వస్తుంది. ఆమె 25,000 సంపాదించే మనిషిని పెళ్లాడితే, ఇద్దరిదీ 45,000 అయి జమ 3,725కు దిగుతుంది. అదే, సంపాదనే లేని తల్లి 15,000 సంపాదించేవాణ్ణి చేసుకుంటే, అప్పటిదాకా సున్నా ఉన్న ఇంటికి 6,000 వస్తుంది. లెక్కకు పెళ్లంటే ప్రేమా లేదు, కోపమూ లేదు. గుట్ట మీద మీరెక్కడ నిలబడ్డారన్నదే దానికి కావాలి.

ఇంటి చాకిరీకి ఎన్ని సెంట్లు?

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇప్పుడు తీయండి. పని చేసేవాళ్లకే సాయం. బాగుంది. మరి పని అంటే ఏమిటి?

పక్కింటి బిడ్డను జీతానికి చూస్తే అది సంపాదన. ప్రతి డాలరుకూ 40 సెంట్లు జమ. తన బిడ్డను తాను చూసుకుంటే సున్నా. ముసలివాళ్ల ఆశ్రమంలో పరాయి తాతకు మందులు వేస్తే సంపాదన. ఇంట్లో మంచం పట్టిన అత్తగారికి వేస్తే సున్నా. చెయ్యి అదే, మందు అదే, రాత్రి మేలుకోవడం అదే. రోగిష్టి బిడ్డ కోసం ఉద్యోగం మానుకున్న ఒంటరి తల్లికి, అందరికన్నా అవసరమున్న ఏడాదే, ఈ జమ మొత్తం పోతుంది. గుట్ట మొదలయ్యేది సున్నా నుంచి కదా! సున్నా మీద ఏ రాష్ట్రం ఎంత శాతం వేసినా సున్నాయే.

ఈ జమ ఒంటరి తల్లులను పనిలోకి తెచ్చిందని 1996లో నడా ఐసా, జెఫ్రీ లీబ్మన్ అనే ఆర్థికవేత్తలు లెక్కలు చూపించారు. చాలాకాలం అందరూ దాన్నే చెప్పుకున్నారు. ఈ మధ్య హెన్రిక్ క్లెవెన్ అనే ఆర్థికవేత్త ఆ లెక్కలన్నీ తిరగేసి, అంత ప్రభావమేమీ కనబడటం లేదన్నాడు. పండితుల వాదన ఇంకా తెగలేదు. నాకు మాత్రం వాళ్లెవరూ అడగని ప్రశ్న ఒకటుంది. పనిలోకి వచ్చిందా లేదా అని చూశారు గానీ, అంతకుముందు ఆమె చేస్తున్నదాన్ని ఏమనాలి?

భర్త నుంచి విడిగా ఉంటున్నవాళ్లకు ఒక మంచి మార్పు జరిగింది. పెళ్లయి విడివిడిగా రిటర్ను వేస్తే ఈ జమ ఇవ్వరన్నది పాత నియమం. కొట్టే మొగుడి నుంచి బిడ్డతో బయటికొచ్చి, విడాకులు ఇంకా తెమలని ఆడది మధ్యలో నలిగిపోయేది. 2021 నుంచి, బిడ్డ తనతో ఉండి, ఏడాదిలో చివరి ఆరు నెలలు విడిగా కాపురముంటే అడగొచ్చని మార్చారు. ఈ సంగతి తెలియక అడగనివాళ్లు ఇంకా ఉన్నారట. మీ బంధువుల్లో అలాంటి అమ్మాయి ఎవరైనా అక్కడ ఉంటే ఈ ఒక్క మాట చెవిన వేయండి.

మనవాళ్లు చూసుకోవలసినవి

పెద్ద సాఫ్ట్‌వేర్ జీతాలకు ఈ జమ ఎటూ అందదు. కుటుంబ వీసాల మీద వెళ్లి దుకాణాల్లో, వంటశాలల్లో, ఆశ్రమాల్లో పని చేసే మనవాళ్లకే ఇది కావాలి. వాళ్లు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

కేంద్రం జమ కావాలంటే భర్తకు, భార్యకు, లెక్కలో చూపే పిల్లలకు అందరికీ ఉద్యోగానికి చెల్లే సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. భార్య హెచ్-4 వీసా మీద ఉండి, పని అనుమతి లేక ‘ఐటిన్’ అనే పన్ను నంబరు మాత్రమే ఉంటే, కలిసి వేసిన రిటర్నులో కేంద్రం జమ మొత్తం పోతుంది. కానీ కాలిఫోర్నియా 2020 నుంచి ఐటిన్ ఉన్నవాళ్లకూ తన రాష్ట్ర జమ ఇస్తోంది. ఇల్లినాయ్, వాషింగ్టన్, మేరీలాండ్, ఒరెగాన్ వంటివి కూడా ఆ దారిలోకే వచ్చాయి. అంటే కేంద్రం కాదన్నా రాష్ట్రం అవునన్నచోట అడగకపోవడం మన నష్టమే. వయసు సంగతి కూడా చూసుకోవాలి. పిల్లలు లేనివాళ్లకు కేంద్రం 25 ఏళ్లు నిండాలంటుంది. కాలిఫోర్నియాకు, న్యూజెర్సీకి 18 చాలు.

చదువుకోవడానికి వెళ్లిన పిల్లల మాట వేరు. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లను మొదటి ఐదు సంవత్సరాలు మామూలుగా పన్ను లెక్కకు స్థిరనివాసులుగా చూడరు. వాళ్లకు ఈ జమ రాదు. ఎవరో రూమ్మేట్ చెప్పాడని అడిగి తీసుకుంటే, తర్వాత వెనక్కి కట్టడమే కాదు, నిర్లక్ష్యంగా అడిగారని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఈ జమ అడిగే హక్కు పోతుంది. అమ్మలందరూ ఫోన్లో ‘తిన్నావా, పడుకున్నావా’ అని అడిగేటప్పుడు ఈ మాట కూడా ఒకసారి చెప్పండి.

అర్హత ఉన్నవాళ్లలో ఐదుగురికి ఒకరు చొప్పున ఈ జమ అడగకుండానే వదిలేస్తున్నారని అక్కడి పన్ను శాఖే చెబుతుంది. రాబడి తక్కువ కాబట్టి రిటర్ను అక్కర్లేదనుకోవడం ఒక కారణం. ఎక్కువ రాష్ట్రాల్లో కేంద్రం జమ అడిగితేనే రాష్ట్రం శాతం వస్తుంది కనుక, ఒక్క కాగితం వేయకపోతే రెండు చెక్కులు పోతాయి. అడిగినవాళ్లకూ ఫిబ్రవరి నడిమికి ముందు కేంద్రం డబ్బు విడుదల కాదు. మోసాలు అరికట్టడానికని 2015లో చట్టం చేసి 2017 నుంచి అలా ఆపుతున్నారు. ఈలోగా ‘మేం ముందే ఇస్తాం, మా ఫీజు పట్టుకుంటాం’ అనే దళారులకు పండగ. ఓపిక పట్టి వీటా కేంద్రానికి వెళితే పైసా ఖర్చు లేదు.

మూడు ప్రశ్నలు

ఎక్కడో అమెరికా రాష్ట్రాల లెక్క మనకెందుకని కొందరు అనుకోవచ్చు. నాకు ఈ లెక్క నేర్పింది మూడు ప్రశ్నలు. ఏ ప్రభుత్వం ఏ సాయం ప్రకటించినా ఈ మూడూ వేసి చూడొచ్చు.

ఒకటి, ఇంత శాతం అంటున్నారు, దేని మీద శాతం? రెండు, నాకు పన్నే లేకపోతే ఆ డబ్బు నా చేతికొస్తుందా, లేక కాగితం మీదే ఉంటుందా? మూడు, ఎవరి పనిని పనిగా లెక్కగట్టారు, నేనందులో ఉన్నానా?

మొదటి రెండు ప్రశ్నలకు జవాబు రిటర్ను ఫారంలోనే దొరుకుతుంది. కూడికలు, తీసివేతలు వస్తే చాలు. మూడోదానికి ఏ రాష్ట్రం ఫారంలోనూ గడి లేదు. మన ఫారాల్లోనూ లేదు. ఇంట్లో ఉండే ఆడవాళ్ల వృత్తి అని అడిగినచోట ‘ఏమీ లేదు’ అని రాయించుకునే అలవాటు మనకూ ఇంకా పోలేదు కదా! మిన్నెసోటా లాంటివి బిడ్డ పేరు మీద డబ్బిచ్చి ఆ గడిని ఒక మూల నింపడం మొదలుపెట్టాయి. మిగతా మూలలు నింపమని అడగాలంటే ముందు లెక్క మనకు తెలియాలి. లెక్క తెలిసిన ఆడదాన్ని పాలవాడే మోసం చేయలేడు, ప్రభుత్వమెంత!